కింది గొంతు

రిజిస్టరు పొట్లం అబిడ్సు పోస్టాఫీసు కిటికీ దాటి పదకొండు రోజులయింది. అందులో ఉండవలసిన కాయితాలు పన్నెండు. వెళ్లినవి ఆరు. మిగతా ఆరు చిరాగలీ లేన్‌లో ఒక ఇంటి కుంపట్లో పడి బూడిదయ్యాయి. ఆ సంగతి తెలిసినవాడు కోదండరామయ్య ఒక్కడే. కాల్చినవాడూ అతడే.

ఎందుకు కాల్చాడో తెలిసిందే. "నూలు వడికే చేతులారా" అనే పాటకు వరస కట్టింది అతడు. మాటలు రాసింది విద్యావతి, సుల్తాన్ బజారులో ఆడపిల్లల బడి టీచరు. ఆ పాటను పదహారు గొంతులకు పంచి, ఎనిమిదిమంది మగవాళ్లకు ఒక దారీ ఎనిమిదిమంది ఆడవాళ్లకు ఒక దారీ వేసి, రెండూ ఢీకొనకుండా నడిచేటట్టు ఇంగ్లీషు గీతల మీద రాసిపెట్టింది వామన్‌రావు. మగవాళ్లు పాడేది కోదండరామయ్య కట్టిన వరస. ఆడవాళ్లు పాడేది దానికి తోడుగా వామన్‌రావు అల్లిన రెండో వరస.

జనవరిలో నుమాయిషు ఎగ్జిబిషనులో పాడారు. మర్నాడు నాంపల్లి స్టేషను ముందు పాన్‌డబ్బా వాడు సున్నం రాస్తూ ఆ పాట కూనిరాగం తీస్తున్నాడు. కోదండరామయ్య ఒళ్లు పులకరించింది. అక్కర్లేకపోయినా వక్కపొడి కొంటూ నిలబడి విన్నాడు. వాడు తీస్తున్నది రెండో వరస. ఆఫీసులో పక్క సీటు గుమాస్తా ఈల వేశాడు. రెండో వరస. ఊరంతా తోడుపెళ్లికూతురిని చూసి మురిసింది. పెళ్లికూతురు ముఖం ఎవడికీ గుర్తు లేదు.

అందుకని, మద్రాసు గ్రామఫోను కంపెనీకి పాట పంపే పని తన మీద పడ్డప్పుడు, వామన్‌రావు ఇచ్చిన రెండు దొంతరల్లో కిందున్న రెండో వరస దొంతర తీసి కుంపట్లో వేశాడు. దాని మీద కాఫీ కాచుకుని తాగాడు. తన వరస ఒంటరిగా మద్రాసు వెళ్లింది. ఎవరి తోడూ లేకుండా, దాని సొంత కాళ్ల మీద అది నిలబడుతుంది. అదీ అతని ధైర్యం.

మంగళవారం సాయంత్రం జవాబు వచ్చింది.

వాళ్ల పాటల సమాజం గది నాంపల్లిలో, హార్మోనియం మరమ్మతు దుకాణం మీద. కింద ఎప్పుడూ ఎవడో నొక్కిన మెట్టు ఒకటి కుయ్యిమంటూ ఉంటుంది. పైన గదిలో జంపఖానా, ఒక హార్మోనియం పెట్టె, ఒక బల్ల, అంతే. ఆరు గంటలకు ఆఫీసులు వదిలిన గుమాస్తాలూ బడి వదిలిన టీచర్లూ వచ్చి కూర్చుంటారు. ఆ బల్ల దగ్గర వామన్‌రావు ఉంటాడు. అరవై దాటిన మనిషి. నవాబుల రోజుల్లో బ్యాండులో క్లారినెట్ ఊదినవాడు. అయిదు పాళీలు ఒకే పుల్లకు బిగించుకుని, ఒక్క గీత గీస్తే కాయితం మీద అయిదు గీతలు పడతాయి. ఆ పుల్లను ఎవరినీ ముట్టనివ్వడు.

సమాజానికి వచ్చే ఉత్తరాలు విప్పేది విద్యావతి. కవరు అంచు చింపి, పైనుంచి కిందికి ఒకసారి చూసి, ఎగిరినంత పని చేసింది.

"మాస్టరు గారూ! ఒప్పుకున్నరు! ప్లేటు వేస్తరంట!"

పదహారుమంది ఒకేసారి మాట్లాడారు. మగవాళ్లలో ముందు కూర్చునే సాయన్న, బేగం బజారులో పసుపూ మిరపకాయల కొట్టు నడుపుతాడు, లేచి కోదండరామయ్య చేతులు పట్టుకుని ఊపాడు.

"ఇగ చూడున్రి సాబ్! మా కొట్ల గ్రామఫోను పెట్టి పొద్దుమూకులు గిదే వేస్త. మిరపకాయలు కొనెటోడు గూడ మీ పాట విని పోవాలె."

"అట్ల వేస్తే తుమ్ములు తప్ప పాట ఇనిపిస్తదా?" అన్నారెవరో.

కోదండరామయ్య నవ్వాడు. పెళ్లయిన నాడు కూడా అలా నవ్వి ఉండడు. ఎనిమిదేళ్ల కిందట ఫైళ్ల మూటలతో పాటు కర్నూలు నుంచి ఈ ఊరు వచ్చిపడ్డ గుమాస్తా. ఇన్నేళ్లుగా అతని పేరు కనపడ్డది ఆఫీసు హాజరు పట్టీలో మాత్రమే. ఇప్పుడు నల్లటి ప్లేటు నడుమ, ఎర్రటి కాయితం మీద, బంగారు అక్షరాలతో పడుతుంది.

"పూర్తిగా చదువమ్మా," అన్నాడు. "అందరూ వింటారు."

విద్యావతి చదివింది. కంపెనీ సంగీత పర్యవేక్షకుడు జగన్మోహనరావు సొంత దస్తూరీతో రాసిన ఉత్తరం. మీరు పంపిన వరసను మా పియానో ఆయన చేత మూడుసార్లు వాయింపించుకుని విన్నాను. పై షడ్జమం మీద ఎత్తుకుని, బావిలోకి చేద జారినట్టు మెట్టు మెట్టు దిగి, అడుగు తాకకుండా ఆగటం చాలా కొత్తగా ఉంది. ఈ మధ్య ఇలాంటి ఎత్తుగడ వినలేదు...

ఆమె అక్కడ ఆగింది.

కింద దుకాణంలో మెట్టు ఒకటి కుయ్యిమంది.

కోదండరామయ్య వరస పైన ఎత్తుకోదు. కిందనుంచి లేస్తుంది. బరువెత్తుకున్నవాడు మోకాలి మీద చెయ్యి వేసి లేచినట్టు లేస్తుంది. అది ఆ గదిలో అందరికీ తెలుసు. పై షడ్జమం మీద ఎత్తుకునేది ఆడవాళ్లు.

"ఆయన ఏదో పొరపాటు పడ్డాడు," అన్నాడు కోదండరామయ్య.

"పొరపాటు ఎట్లయితది మాస్టరు గారూ?" అంది విద్యావతి. "ఇగో, ఇంకా రాసిన్రు. 'ఆరు పుటలూ' అన్నరు. కాకా, నువ్వు పన్నెండు గదా రాసింది? నేనే లెక్కపెట్టిన. మిగిలిన ఆరు ఏడ పోయినయి?"

ఆమె అడిగింది వామన్‌రావును. కాని చూసింది కోదండరామయ్యను.

వామన్‌రావు తల ఎత్తలేదు. గీస్తున్న గీత చివరిదాకా గీశాడు. పుల్లను గుడ్డతో తుడిచాడు.

"ఇంట్ల ఉన్నయి బిడ్డా," అన్నాడు. "నిన్న బీరువ తీస్తె కనపడ్డయి. ఆరు ఇచ్చిన, ఆరు మర్శిన. ముసలోన్ని అయిన గదా. తప్పు నాదే."

అందరూ ఊపిరి వదిలారు. సాయన్న "గంతేనా! పోనీ కాకా," అన్నాడు. విద్యావతి ఉత్తరం చివర చదివింది. జగన్మోహనరావు పంతొమ్మిదో తేదీ గురువారం పనిమీద హైదరాబాదు వస్తాడు. సమాజం గదికి వచ్చి, పదహారు గొంతులూ విని, సంగీతం ఎవరిదో రచన ఎవరిదో రాసుకుని వెళతాడు.

కోదండరామయ్యకు ఆ మాటలు సగమే చెవిన పడ్డాయి. పట్టుబడ్డ దొంగను విడిపించినవాడి మీద దొంగకు పుట్టే కోపం మామూలు కోపం కాదు. అతను వామన్‌రావు వంక చూశాడు. ముసలివాడు సిరాబుడ్డికి మూత బిగిస్తున్నాడు.

"చాయ్ తాగుదాం రాండ్రి మాస్టర్ సాబ్," అన్నాడు.

*

అబిడ్సులో ఇరానీ హోటలు. పాలరాతి బల్లలు. పక్క బల్ల మీద ఇద్దరు వకీళ్లు కూర్చుని బిస్కట్లు ముంచుకు తింటున్నారు. అరవటానికి వీలులేని చోటు. వామన్‌రావు అందుకే అక్కడికి తెచ్చాడని కోదండరామయ్యకు తర్వాత తోచింది.

"ఏడ వెట్టిన్రు?" అన్నాడు వామన్‌రావు, చాయ్ సాసరులోకి వంపుకుంటూ.

"ఏవిటి?"

"నా తాన దాచుడెందుకు సాబ్. ఆరు కాయితాలు."

కోదండరామయ్య బుకాయించాలనుకున్నాడు. ఎదుటి కళ్లు చూసి మానుకున్నాడు.

"కాల్చేశాను."

"మంచిగనే కాల్చిన్రా? అంచులు గూడ మిగల్లేదా?"

"లేవు. నీ వరస నా పాటను మింగేస్తోంది. ఊళ్లో ఎవడి నోట విన్నా నీదే. అందుకని కాల్చాను. చాలా?"

వామన్‌రావు సాసరు దించాడు. తర్వాత వేలు చాయ్‌లో ముంచి, పాలరాతి మీద ఒకదాని కింద ఒకటిగా అయిదు గీతలు గీశాడు. వాటి కింద మళ్లీ అయిదు.

"ఇంగ్లీషు రాత సంగతి మీకు చెప్త ఇనున్రి. ఎన్నడూ అడగలే మీరు. పైన ఆడోళ్ల గొంతు రాస్తరు. కింద మగోళ్లది. ఎవరు కట్టిండ్రు, ఎవరు పెద్ద, గది చూడరు. గొంతు సన్నంగ ఉంటె పైన, లావుగ ఉంటె కింద. గంతే." తడివేలు పై గీతల మీద పెట్టాడు. "పై దొంతర ఇది. ఆడోళ్లది. అంటె నాది." వేలు కిందికి జరిపాడు. "కిందిది మగోళ్లది. అంటె మీది."

తడిగీతలు ఆరిపోతున్నాయి.

"మీరు నాది మద్రాసుకు పంపిన్రు. మీది కాల్చుకున్నరు."

పైన ఉన్నది తనదే అయి ఉంటుందని కోదండరామయ్య ఎందుకు అనుకున్నాడు? ఎవరూ చెప్పలేదు. ఎవరినీ అడగలేదు. రెండు దొంతరలు చూశాడు. ఒకటి పైన ఉంది. పైన ఉన్నది తనది కాక ఇంకెవరిదవుతుంది? చదువు రానిచోట మనిషి గర్వంతో చదువుతాడు. అది ఎప్పుడూ తప్పే చదువుతుంది.

"నవ్వు," అన్నాడు. "నవ్వుకో వామన్‌రావూ. గదిలో అందరి ముందూ చెప్పి నవ్వించలేకపోయావా? ఎందుకు అడ్డుపడ్డావు? నా మీద జాలా?"

"జాలి ఏంది సాబ్? జాలి చూపెటంత పెద్దోన్ని గాను నేను." వామన్‌రావు కప్పు పక్కకు జరిపాడు. "నాకు ఒకటి గావాలె. గదాని కోసం అడ్డం వడ్డ."

"ఏం కావాలి?"

"మీ వరస."

కోదండరామయ్యకు అర్థం కాలేదు.

"నలభై ఏండ్ల సంది మందికి రాసిస్తున్న," అన్నాడు వామన్‌రావు. గొంతు పెంచలేదు. "బ్యాండుల ఉన్నప్పుడు గంతే. ఇక్కడా గంతే. ఒకడు వచ్చి కూనిరాగం తీస్తడు, నేను కుట్టి, గుండీలు వెట్టి, ఇస్త్రీ చేసి ఇస్త. తొడుక్కపోతడు. గీ రెండో వరస లేదా, పాన్‌డబ్బావాడు పాడుకునేది? ఒక్క పూటల రాసిన. అన్నం తినుకుంట రాసిన. గసొంటివి నాకు కొల్లలు. కని మీ కింది వరస ఉన్నది సూడు..." అతను తడివేలు తుడుచుకున్నాడు. "మొదటిసారి మీరు పెట్టె మీద వాయించినప్పుడు ఇంటికి పోయి పండుకోలేదు. దాంట్ల ఒక్క మెట్టు గూడ ఫాల్తుది లేదు. నలభై ఏండ్లల్ల గసొంటిది ఒక్కటి రాలే నాకు. ఒక్కటి. మీ మీద కండ్లు మండినయి. గిప్పటికీ మండుతయి. పైన గా ఆడోళ్ల వరస ఎందుకు అంత మెరిపించిన అనుకున్నరు? మీది కనపడొద్దని."

పక్క బల్ల వకీళ్లు లేచి వెళ్లిపోయారు.

కోదండరామయ్య వరసను గురించి అంత మాట మరొకడు అనలేదు. ఇకముందు అతనితో అనేవాడూ ఉండడు. ఆ మాట కోసమే ఇరవై ఏళ్లు పెట్టె మోశాడు. తీరా ఆ మాట ఎదురుగా కూర్చుని పలికితే, అతనికి వినిపించింది ఒక్కటే: వీడు ఏదో కాజేయాలని చూస్తున్నాడు.

"అయితే?"

"మారకం చేసుకుందాం. గురువారం ఆయన వస్తడు. మద్రాసోళ్లకు నచ్చింది పై వరస. అది మీదే అనున్రి. నేను తల ఊపుత. ప్లేటు మీద మీ పేరే పడుతది. కింది వరస నాది. గట్లనే చెప్పాలె. తోడు వరస కట్టింది వామన్‌రావు, అని. ఇవ్వాళ కూసుండి ఆ ఆరు కాయితాలు మళ్ల రాస్త. నా మతిల ఉన్నది మొత్తం."

"పదహారుమందికి తెలుసు ఏది ఎవరిదో."

"వాళ్లకు నేను చెప్త. సాయన్న నా మాట దాటడు. విద్యావతి..." వామన్‌రావు చిన్నగా నవ్వాడు. "ప్లేటు మీద ఆ పిల్ల పేరు గూడ పడుతది గదా."

"ఒప్పుకోకపోతే?"

"మీరే ఆయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పున్రి. నచ్చిన వరస నాది కాదు, వామన్‌రావుది. నాదైతే కుంపట్ల ఉన్నది అని. ఏం గావాలె మీకు సాబ్? పేరు గావాల్నా, పాట గావాల్నా?"

కోదండరామయ్య ఎంతోసేపు ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. అతని లెక్క అతనికి సులువుగానే ఉంది. ఊరికి నచ్చింది పై వరస. మద్రాసుకు నచ్చింది పై వరస. కింది వరస ఎవడికి కావాలి? దాని మీద మోజుపడ్డది ఈ ముసలివాడు ఒక్కడు.

"పేరు," అన్నాడు.

*

గురువారం సాయంత్రం చలువబట్టలు వేసుకుంటుంటే శేషారత్నం వచ్చి గుమ్మంలో నిలబడింది. అతని భార్య. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో అతని వెనక కచేరీకి వెళ్లింది లేదు.

"ఇవాళ నేనూ వస్తానండీ."

"నువ్వెందుకు?"

"మీ పాట ప్లేటుకొస్తోందని వీధివీధంతా అంటున్నారు. పక్కింటి వీరమ్మగారు హారతిపళ్లెం పట్టుకొచ్చింది. నేను వినొద్దూ?"

"అక్కడ నీకేం అర్థమవుతుంది?"

"అర్థం కాకపోతే ఓ మూల కూచుంటాను. మీ పాటకేం చేటు?"

వద్దనటానికి కారణం దొరకలేదు. మారకం సంగతి ఆవిడకు చెప్పలేదు. చెప్పాలని తోచను కూడా లేదు. ఇంట్లో బిందె ఉంటుంది, పీట ఉంటుంది, ఆవిడ ఉంటుంది. చెవులున్న మనిషి ఇంట్లో మసలుతోందని మగవాడికి ఆ మనిషి ఉన్నన్నాళ్లూ తెలియదు. తెలిసేనాటికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. కోదండరామయ్యకు ఆ శిక్ష ఇంకా పడలేదు.

రిక్షాలో ఆవిడ పళ్లబుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా అతను పై వరస నోట్లో నెమరువేసుకుంటూనే ఉన్నాడు. మద్రాసాయన పాడమంటే పాడాలి గదా.

"అదేవిటండీ, వీధిలో అందరూ పాడే ఆడవాళ్ల వరస పాడుతున్నారు?" అంది శేషారత్నం.

"నీకు తెలియదు. ఊరుకో."

జగన్మోహనరావు చెప్పిన వేళకే మెట్లెక్కాడు. బట్టతల, బంగారు కళ్లద్దాలు, ఎక్కువ మాట్లాడని మనిషి. కుర్చీలో కూర్చుని, పళ్లబుట్ట వద్దని, మంచినీళ్లు అడిగి తాగాడు. విద్యావతి అందరినీ పరిచయం చేసింది. సంగీతం కోదండరామయ్యగారు అనేటప్పుడు ఆమె కళ్లు జంపఖానా మీద ఉన్నాయి. తోడు వరస వామన్‌రావుగారు అనేటప్పుడు గొంతు తగ్గింది. నోరు కట్టుకున్నందుకు ఆమెకు నిద్ర పట్టి ఉండదు. అయినా కట్టుకుంది. రచన అన్నచోట తన పేరు మాత్రం తడబడకుండా చెప్పింది.

"ముందు నాకు ఉత్తరంలో నచ్చినది వినిపించండి," అన్నాడాయన.

ఎనిమిదిమంది ఆడవాళ్లు లేచి పాడారు. "నూలు వడికే చేతులారా, నీరు మోసే భుజములారా..." వరస పైనుంచి జారి, తిరిగి, మెరిసి ఆగింది. జగన్మోహనరావు తల పంకించాడు.

"బాగుంది. నేను రాసిన మాటకు కట్టుబడి ఉన్నాను. చమత్కారంగా ఉందండీ కోదండరామయ్యగారూ."

"తమ దయ," అన్నాడు కోదండరామయ్య. గుండె నిండినట్టే ఉంది. నిండినది ఏమిటో తెలియలేదు.

"ఇప్పుడు రెండూ కలిపి."

పదహారు గొంతులూ లేచాయి. రెండో పల్లవి దగ్గర జగన్మోహనరావు చెయ్యెత్తాడు. పాట ఆగింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఏదో సరిగా వినపడనివాడిలా తల ఒక పక్కకు వంచాడు.

"ఆడవాళ్లు కూర్చోండమ్మా. మగవాళ్లు మాత్రం ఒకసారి."

సాయన్న వామన్‌రావు వంక చూశాడు. వామన్‌రావు కదలలేదు. ఎనిమిదిమంది ఎత్తుకున్నారు.

వరస నేలమీదనుంచి లేచింది. తొందర లేదు, తళుకు లేదు. ఒక మెట్టు ఎక్కింది, బరువు సర్దుకుంది, ఇంకొకటి ఎక్కింది. "భుజములారా" దగ్గర ఎక్కవలసిన మెట్టు ఎక్కకుండా, అక్కడే నిలబడి ఒక్క క్షణం ఓర్చుకుంది. ఆ ఓర్పుకు పసుపుకొట్టు సాయన్న కళ్లు కూడా చెమ్మగిల్లాయి. ఎన్నిసార్లు పాడాడో, ఎన్నడూ దాన్ని ఒంటరిగా విన్నవాడు కాదు. పైన ఆడవాళ్ల మెరుపు లేకుండా ఆ వరసను ఆ గది విన్నది అదే మొదలు.

కోదండరామయ్య కూడా దాన్ని పరాయి గొంతుల్లో ఒంటరిగా అదే మొదలు విన్నాడు. ఇది నాది, అనుకున్నాడు. వెంటనే కాదని గుర్తొచ్చింది.

పాట ముగిసింది. జగన్మోహనరావు చాలాసేపు అద్దాలు పెట్టుకోలేదు.

"ఇది ఎవరు కట్టారు?"

కోదండరామయ్య చూపు బల్లవైపు పోయింది. వద్దు, అన్నాయి కళ్లు. వామన్‌రావు ఆ కళ్లు చూశాడు. చూసే లేచి నిలబడ్డాడు. చేతిలో అయిదు పాళీల పుల్ల ఉంది.

"నేను," అన్నాడు.

"ముప్ఫై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నానండీ వామన్‌రావుగారూ," అన్నాడు జగన్మోహనరావు. "పైది వినసొంపుగా ఉంది, కాదనను. అలాంటివి నెలకు నాలుగు వస్తాయి నాకు. ఇది అలాంటిది కాదు. ప్లేటుకు ముందువైపు ఇది వేస్తాం, మగగొంతులతోనే. సంగీతం మీ పేరు. కోదండరామయ్యగారి వరస వెనకవైపు వేద్దాం. ఏమండీ, మీకేం అభ్యంతరం లేదుగా?"

కోదండరామయ్య పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఆయన లేదనే అనుకుని కలం తీశాడు.

"కాదండీ."

వెనకనుంచి వచ్చింది ఆ మాట. గోడవార పళ్లబుట్ట పక్కన కూర్చున్న శేషారత్నం లేచి నిలబడింది. అంతమంది ముందు లేచినందుకు చెమట పట్టింది. అయినా నిలబడే మాట్లాడింది.

"మన్నించండి బాబుగారూ. అది వారిది కాదండీ. మా ఆయనది. మొన్న ఆషాఢంలో కట్టారు. నేను పక్కనే ఉన్నాను. ఆ 'భుజములారా' దగ్గర నాలుగు రోజులు సాగలేదు. ఇంట్లో ఎవర్నీ మాట్లాడనివ్వలేదు. అయిదోనాడు అన్నం మధ్యలో లేచి, ఎంగిలిచేత్తోనే పెట్టె ముందు కూచున్నారు. మెట్ల సందుల్లో మెతుకులు పడితే నేనే పుల్లపెట్టి తీశాను. తప్పు చెబుతున్నానేమో ఆయన్ని అడగండి."

సాయన్న తల వంచుకున్నాడు. విద్యావతి చేతిలో పాటల పుస్తకం మూసింది. వామన్‌రావు నిలబడ్డవాడు నిలబడ్డట్టే బల్ల అంచు పట్టుకున్నాడు.

జగన్మోహనరావు కలం కాయితం మీదనుంచి ఎత్తాడు.

"ఏమండీ కోదండరామయ్యగారూ? మీ ఇంటావిడ అంటున్నది నిజమేనా?"

ఔనంటే పాట తనది. పాట తనదంటే పై వరస తనది కాదు. తనది కానిదానికి ఇందాకే "తమ దయ" అన్నాడు. ఆ వెనకే ఆరు కాయితాలు ఎక్కడ అంటాడు. ఆ వెనకే కుంపటి. పదహారు జతల కళ్లు అతని మీద ఉన్నాయి. గదిలో ఒక్క జత కళ్లలో మాత్రమే అతని మీద నమ్మకం ఉంది. అవి ఈ పదహారులోవి కూడా కావు. గోడవార నిలబడ్డ మనిషివి.

కోదండరామయ్య కండువా సర్దుకున్నాడు. చిన్నగా, మర్యాదగా నవ్వాడు.

"మా ఆవిడకు సంగీతం తెలియదండీ," అన్నాడు.

శేషారత్నం కూర్చోలేదు. భర్త ముఖంలోకి ఒక్కసారి చూసింది. కొంగు నడుముకు చుట్టింది. దారిలో ఉన్నవాళ్లు కాళ్లు ముడుచుకున్నారు. ఆవిడ తిన్నగా నడిచి వెళ్లి, హార్మోనియం ముందు కూర్చుని, తిత్తి విప్పి, ఆ వరస ఎత్తుకునే కింది మెట్టు మీద వేలు పెట్టింది.